మోకాళ్ల నొప్పులతో లండన్ మ్యూజియాలు

పిల్లల దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చిన నాబోటి వాళ్ల కోసం రాస్తున్నాను ఇది. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకి, మనవడు బడికి వెళ్లిపోయాక సాయంత్రం దాకా మేమిద్దరం కిటికీ దగ్గర కూర్చుని పక్కింటివాళ్ల పిల్లిని చూసేవాళ్లం. మూడో వారానికి ఆ పిల్లికే మా మొహాలు విసుగు పుట్టినట్టున్నాయి, రావడం మానేసింది. అప్పుడు పట్టుకున్నాం మ్యూజియాల దారి.

నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పాను. మావారు సోషల్ మాస్టారు. ఇంట్లో ఎప్పుడూ రెండు పార్టీలే, ఆయనది చరిత్ర, నాది సైన్సు. నాకు కుడి మోకాలు అరిగింది, ఆయనకి ఎడమది. ఇద్దరికీ కలిపి రెండు మంచి కాళ్లున్నాయి. ఆ రెండు కాళ్లతోనే నాలుగు నెలల్లో పదకొండు సార్లు వెళ్లొచ్చాం. కింద చెప్పేదంతా అలా తెలిసిందే. అందులో సగం పొరపాట్లు చేసి నేర్చుకున్నది.

మొదటి పొరపాటు శనివారం బయల్దేరడం. ఫిబ్రవరి మధ్యలో ఇక్కడి బళ్లకి వారం రోజులు సెలవులిస్తారు, హాఫ్ టర్మ్ అంటారు. సరిగ్గా ఆ శనివారమే అయిదుగురం కలిసి నేచురల్ హిస్టరీ మ్యూజియానికి వెళ్లాం. సర్వదర్శనం క్యూ గుర్తొచ్చింది నాకు. లోపల అడుగుపెట్టేసరికి మనవడికి ఆకలి, నాకు కాలు సలుపు, అల్లుడికి చిరాకు. తిమింగలం తోకా, జనం వీపులూ చూసి ఇంటికొచ్చేశాం. అందుకని మీరు మంగళ, బుధ, గురువారాల్లో వెళ్లండి. ఫిబ్రవరి మధ్యలో, మే చివర్లో, అక్టోబరు చివర్లో వచ్చే సెలవు వారాల తేదీలు పిల్లల్నడిగి ముందే కాలెండరు మీద సున్నాలు చుట్టుకోండి. మామూలు రోజుల్లో పొద్దున పూట బడిపిల్లలు బారులు తీరి వస్తారు గానీ రెండు దాటాక వాళ్లు పలచబడతారు.

రెండో పొరపాటు అన్నీ చూసెయ్యాలనుకోవడం. ఈ పెద్ద మ్యూజియాలకి టిక్కెట్టు లేదు. 2001 డిసెంబరు నుంచి ప్రభుత్వ జాతీయ మ్యూజియాల శాశ్వత ప్రదర్శనలన్నీ ఉచితం. విరాళం పెట్టెలుంటాయి, తోచింది వెయ్యొచ్చు. ప్రత్యేక ప్రదర్శనలకి మాత్రమే డబ్బు. ఉచితమంటే మనవాళ్లు ఇంకా ఎక్కువ చూసెయ్యాలని ఆరాటపడతారు. నేను తిరగేసి చెబుతాను. డబ్బు కట్టలేదు కాబట్టి గంటసేపు చూసి వచ్చేసినా మనసు పీకదు. మేం పెట్టుకున్న లెక్క పూటకి మూడు. మూడు వస్తువులే చూడటానికి వెళతాం. దారిలో కనబడేవి కొసరు. ఆ మూడూ ఏవో ముందురోజు రాత్రి అన్నం తిన్నాక తేల్చుకుంటాం, ఏ గదిలో ఉన్నాయో మ్యూజియం వెబ్‌సైటులో చూసి మావారు చిన్న నోటుబుక్కులో గది నంబర్లు రాసుకుంటారు. ఆయన రెండు, నేను ఒకటి. మర్నాడు తారుమారు.

వెళ్లేముందు

టిక్కెట్టు లేకపోయినా టైము స్లాటు ఆన్‌లైన్లో బుక్ చేసుకోండి. దానికీ డబ్బు లేదు. బుకింగ్ లేకుండా వెళ్లినా చాలాసార్లు రానిస్తారు గానీ రద్దీగా ఉన్నప్పుడు బుక్ చేసుకున్నవాళ్లకే ముందు దారి. బ్రిటిష్ మ్యూజియం పది నుంచి అయిదు దాకా, శుక్రవారాలు మాత్రం రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. అమ్మాయి ఆఫీసు నుంచి నేరుగా వచ్చి మమ్మల్ని కలిసింది ఆ శుక్రవారాల్లోనే. సైన్స్ మ్యూజియం ఆరింటికి, నేచురల్ హిస్టరీ ఆరుకి పది నిమిషాల ముందు మూసేస్తారు. డిసెంబరు 24, 25, 26 మూడు రోజులూ మూడింటికీ సెలవు.

ట్యూబ్‌లో, అంటే ఇక్కడి భూగర్భ రైల్లో వెళితే పొద్దున తొమ్మిదిన్నర దాటాక ఎక్కండి, ఛార్జీ తగ్గుతుంది, కూర్చోడానికి చోటూ దొరుకుతుంది. గేటు దగ్గర కార్డు ఆనించి లోపలికి, దిగాక అదే కార్డు ఆనించి బయటికి. ఈ ‘అదే’ అన్నమాట గట్టిగా పట్టుకోండి. మావారు ఎక్కేటప్పుడు ఫోను ఆనించారు, దిగేటప్పుడు దర్జాగా జేబులోంచి కార్డు తీసి ఆనించారు. రెండూ ఒకే బ్యాంకువే కదా అని ఆయన ధీమా. ఆ మెషీనుకి మాత్రం ఫోను వేరు, కార్డు వేరు. రెండు ప్రయాణాలు సగంలో ఆగినట్టు లెక్కగట్టి రెండుసార్లు గరిష్ఠ ఛార్జీ పడింది. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్లడమూ కుదరదు, చెరొకటి ఉండాలి. బస్సులో అయితే ఎక్కేటప్పుడు ఒక్కసారి ఆనిస్తే చాలు, నగదు తీసుకోరు. అరవై దాటినవాళ్లకి ఇచ్చే పాసు గురించి అడగకండి, అది లండన్లో కాపురమున్నవాళ్లకే.

ఎస్కలేటరు మీద కుడివైపు నిలబడాలి. ఎడమవైపు పరుగెత్తేవాళ్లది. చీర కట్టుకునే వెళ్లండి, ఎవరూ వింతగా చూడరు, కాకపోతే కుచ్చిళ్లు జానెడు పైకి దోపుకోండి. చీర మీద బూట్లు వేసుకోవడానికి నేను మొదట సిగ్గుపడ్డాను. రెండో రోజుకి సిగ్గు పోయింది, మోకాలు మిగిలింది.

చక్రాల కుర్చీ కావాలంటే మ్యూజియం వాళ్లే ఉచితంగా ఇస్తారు, అడగడానికి మొహమాటపడకండి. చక్రాల సూట్‌కేసు మాత్రం బ్రిటిష్ మ్యూజియంలోకి తీసుకెళ్లకూడదు. ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ దారిలో చూసేద్దాం అనుకునేవాళ్లుంటే ఆ ఆలోచన మానుకోండి.

బ్రిటిష్ మ్యూజియం: వెనక వాకిలి నుంచి

దగ్గరి స్టేషన్లు హోబర్న్, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్. మెట్లు దిగలేనివాళ్లకి రెండోది మేలు, లిఫ్టులున్నాయి. మేముండే హౌన్‌స్లో వైపు నుంచి పిక్కడిల్లీ లైను నేరుగా హోబర్న్‌కి తీసుకెళుతుంది.

ఈ మ్యూజియం పుట్టింది 1753లో, జనానికి తలుపులు తెరిచింది 1759లో. సుమారు 80 లక్షల వస్తువులున్నాయి. బయట పెట్టినవి 80 వేలు, అంటే నూటికి ఒకటి. ఆ ఒకటిలోనూ మనకి కావలసింది మూడే కాబట్టి కంగారు లేదు. అందరూ గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు స్తంభాల వాకిలి నుంచి వెళతారు. మీరు చుట్టూ తిరిగి వెనక మాంటేగ్ ప్లేస్ వాకిలికి వెళ్లండి. క్యూ చిన్నది, మనం చూడాల్సిన 33వ గది అక్కడికి దగ్గర.

33వ గది చైనా, దక్షిణాసియాలది. పొడవాటి హాలు. దాని చివర, అద్దాల అవతల 33ఎ. అక్కడుంది మన అమరావతి, అంటే అక్కడి పాత బౌద్ధ స్తూపం శిల్పాలు.

‘ఇంత దూరం వచ్చి మనూరి రాళ్లు చూడ్డమేంటి అత్తయ్యగారూ’ అన్నాడు అల్లుడు. వాడిది హైదరాబాదు. మాది కృష్ణ ఒడ్డు. చిన్నప్పుడు అమరేశ్వరుడి గుడికి వెళ్లినప్పుడల్లా మా నాన్న ఆ దిబ్బ చూపించి ‘అక్కడుండాల్సినవి ఇక్కడ లేవమ్మా’ అనేవాడు. ఎక్కడున్నాయో చూడటానికి నాకు అరవై మూడేళ్లు పట్టింది.

కథ క్లుప్తంగా చెబుతాను, లోపల లేబుళ్లు చదివే ఓపిక మీకు లేకపోతే పనికొస్తుంది. దీపాలదిన్నె అని పిలిచే ఆ దిబ్బని వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి కాలంలో ఇటుకలకీ రాళ్లకీ తవ్వారు. ఆ సంగతి తెలిసి 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకి పంపితే అక్కడ ఎండకీ వానకీ ఏళ్లపాటు ఆరుబయట పడున్నాయి. 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. చేతులు మారి మారి 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. ఇప్పుడున్న గది 1992లో కట్టింది. పల్నాటి సున్నపురాయి తేమకి దెబ్బతింటుందని అద్దాలు బిగించి గాలిని అదుపులో పెడతారు. మిగతా శిల్పాల్లో పెద్ద వాటా మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉంది, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక్క పలక ముందు కనీసం పావుగంట నిలబడండి. రెండు వైపులా చెక్కిన పలక అది. ఒక వైపు చెట్టు, చెట్టు కింద ఆసనం, చుట్టూ దణ్ణాలు పెడుతున్న జనం. ఆసనం మాత్రం ఖాళీ. క్రీస్తుకి ముందు మొదటి శతాబ్దం నాటి పని ఇది. అప్పటికి బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కడం లేదు. ఖాళీ ఆసనమే ఆయన. ఇప్పుడు రెండో వైపుకి రండి. మూడో శతాబ్దపు శిల్పి దాన్ని తిప్పి కొత్తగా చెక్కాడు. మొత్తం స్తూపమే ఉంది దాని మీద. గుమ్మటం, కంచె, గుమ్మం పక్క స్తంభాల మీద సింహాలు, స్తూపం వేదిక మీద వరసగా నిలిపే ఆయక స్తంభాలు అయిదు, గుమ్మంలో నిలబడి సాక్షాత్తూ బుద్ధుడు. మా రోజుల్లో పలకకి ఒక వైపు తెలుగు రాసి, తిప్పి రెండో వైపు లెక్కలు చేసేవాళ్లం. మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో పలక తిప్పారంతే. కూలిపోయిన స్తూపం పైకి ఎలా ఉండేదో ఇవాళ ఊహించగలుగుతున్నామంటే ఇలాంటి రెండో వైపులున్నాయి కాబట్టే.

ఓపిక ఉంటే బుద్ధుడి పుట్టుక పలక కూడా వెతకండి. నాలుగు గళ్లుంటాయి. మాయాదేవి కల, కలకి అర్థం చెప్పడం, పుట్టుక, పసివాణ్ణి యక్షుడి దగ్గరికి తీసుకెళ్లడం. పిల్లవాడెక్కడా కనబడడు. చేతుల్లో పట్టుకున్న పొడవాటి గుడ్డ మీద బుల్లి బుల్లి పాదాల గుర్తులుంటాయి. కళ్లజోడు తుడుచుకుని చూడండి, ఉన్నాయి. కృష్ణాష్టమికి వాకిట్లో పిండితో వేసే పాదాలంత ముద్దొస్తాయి. మావారు మామూలుగా ప్రతి బోర్డూ పైనుంచి కిందకి చదివి నాకు అప్పజెబుతారు. ఆ రోజు ఏమీ చదవలేదు. ‘పద’ అన్నారు కాసేపటికి.

అక్కడి నుంచి మధ్యలోని గ్రేట్ కోర్టులోకి వస్తారు. పైన అద్దాల కప్పు, 3,312 అద్దాలు, ఏ రెండూ ఒకే కొలత కావు. అక్కడ పెద్ద చలవరాతి సింహం ఒకటుంటుంది, టర్కీలోని నైడోస్ నుంచి తెచ్చింది. తప్పిపోతే కలుసుకునే చోటు అదని లోపలికి రాగానే ఒప్పందం చేసుకోండి. మావారు గ్రీకు గదుల్లో పడి నలభై నిమిషాలు కనబడలేదు. ఆయన ఫోను నా సంచీలో ఉంది. అప్పట్నుంచి మాకు ‘సింహం దగ్గర’ అనేది మాట.

రోజెట్టా శిల 4వ గదిలో ఉంటుంది. దాని చుట్టూ ఎప్పుడూ మూడు వరసల జనం, అందరి చేతుల్లో ఫోన్లు. మీరు ముందు దానికి వెళ్లకండి. గ్రేట్ కోర్టుకి అటువైపున్న 1వ గదికి వెళ్లండి. పాత లైబ్రరీ అది, చెక్క బీరువాలు, ప్రశాంతంగా ఉంటుంది. అక్కడ ఆ శిలకి నకలు ఉంది, అద్దం లేకుండా, ముట్టుకోనిస్తారు. పైన ఈజిప్టు బొమ్మల లిపి 14 వరసలు మిగిలాయి, మధ్యలో వాళ్ల వాడుక లిపి డెమోటిక్ 32, అడుగున గ్రీకు 54. వేలితో తడిమితే తేడా తెలుస్తుంది, పైనున్నది బొమ్మలు, కింద గ్రీకు సూదిమొన పని. క్రీస్తుపూర్వం 196లో అయిదో టాలమీ కోసం పూజారులు రాయించిన ఒకే శాసనం మూడు రకాల రాతలో. గ్రీకు తెలిసినవాళ్లున్నారు కాబట్టి దాన్ని ఊతం పట్టుకుని 1822లో షాంపోలియన్ అనే ఫ్రెంచి పండితుడు బొమ్మల లిపి గుట్టు విప్పాడు. తెలిసిన పద్యం పక్కన తెలియని భాషలో దాని అనువాదం పెట్టుకుని కూర్చున్నట్టు. ఇదంతా నకలు దగ్గర నింపాదిగా అర్థం చేసుకుని అప్పుడు అసలు దగ్గరికి వెళ్లండి. ఒక్క నిమిషం చాలు. దాని ముందు కాకుండా పక్కకి వెళ్లి అంచులు చూడండి. 1801లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో పట్టుకున్నదని ఒక అంచు మీద, మూడో జార్జి రాజు ఇచ్చాడని రెండో అంచు మీద తెల్ల అక్షరాలతో ఇంగ్లీషులో రాసుంటుంది. ముందు నిలబడి ఫోటో తీసుకునే జనానికి ఈ నాలుగో రాత కనబడదు.

మమ్మీలు పైన 62, 63 గదుల్లో. మనవడికి తప్ప మాకు అంత ఇష్టం కలగలేదు. పడుకున్నవాళ్ల గదిలో దూరినట్టుంటుంది. 55వ గదిలో మట్టి పలక ఒకటి చూడండి, జలప్రళయం కథ ఉన్నది. 1872లో దాన్ని చదివిన జార్జి స్మిత్ పట్టలేని సంతోషంతో గదిలో పరుగులు పెడుతూ బట్టలు విప్పేసుకున్నాడని చెబుతారు. మావారికి ఈ కథ ఎంత నచ్చిందంటే ఇప్పటికి ముగ్గురికి ఫోన్లో చెప్పారు.

కొన్ని గదుల్లో బల్ల వేసుకుని వాలంటీర్లు కూర్చుంటారు. వాళ్ల దగ్గర అసలు పాత వస్తువులే, నాణేలూ అవీ, మన చేతిలో పెడతారు. డబ్బుల చరిత్ర గది 68లో మాకు అలా దొరికింది. కుర్చీ కూడా ఉంది. వచ్చీరాని ఇంగ్లీషుతో అడిగినా ఓపిగ్గా చెప్పారు. అరగంటకి పైగా ఒక గదిని చూపిస్తూ చెప్పే ఉచిత టూర్లు కూడా ఉన్నాయి, ఆ రోజు ఏవున్నాయో వాకిట్లో అడగండి.

మధ్యాహ్నం వెనక వాకిట్లోంచే బయటపడితే రెండు నిమిషాల్లో రస్సెల్ స్క్వేర్ తోట. బెంచీలుంటాయి. పులిహోర డబ్బా అక్కడ విప్పండి. పెరుగన్నం వద్దు, పావురాలు వదలవు.

సౌత్ కెన్సింగ్టన్: రెండు మ్యూజియాలు, రెండు రోజులు

నేచురల్ హిస్టరీ, సైన్స్ మ్యూజియాలు పక్కపక్కనే. స్టేషను నుంచి నేలకింద దారి ఉంది, 1885లో వేసింది. వానలో తడవకుండా ఎగ్జిబిషన్ రోడ్డు మీద సైన్స్ మ్యూజియం దాకా తీసుకొచ్చేస్తుంది. అయితే స్టేషన్లో కొన్ని మెట్లు తప్పవు. పక్కపక్కనే కదా, ఒకే రోజు రెండూ అనుకుంటారు. మేమూ అనుకున్నాం. రెండోదానిలో నేను చూసింది బెంచీలే.

నేచురల్ హిస్టరీకి పిల్లల్ని తీసుకెళ్లాలి కాబట్టి ఆదివారం తప్పకపోతే పదింటికల్లా గుమ్మంలో ఉండండి. తిన్నగా డైనోసార్లకి వెళ్లండి, పదకొండు దాటితే అక్కడ కదలనివ్వరు. నిజంలా తల తిప్పి గర్జించే టి.రెక్స్ ఉంది. ఇంట్లో దాని పేరు చెప్పి అందర్నీ భయపెట్టే మా వాడు అక్కడ నా కొంగు వదల్లేదు. తర్వాత భూకంపం గది. 1995లో జపానులోని కోబె నగరం కదిలినప్పుడు ఒక దుకాణంలో ఎలా ఉందో నేల ఊపి చూపిస్తారు. మోకాళ్లవాళ్లు బయటే నిలబడండి, చూడటానికి అక్కణ్ణించి కూడా బాగానే ఉంటుంది.

హింట్జ్ హాల్లో వేలాడే నీలి తిమింగలం పేరు హోప్. 1891లో ఐర్లండులోని వెక్స్‌ఫర్డ్ దగ్గర ఒడ్డున పడింది. 25.2 మీటర్లు, 221 ఎముకలు. 2017లో ఇక్కడ వేలాడదీశారు. కింద నిలబడి మెడ నొప్పి తెచ్చుకోకండి. హాలు చివర మెట్లెక్కితే డార్విన్ విగ్రహం ఉంటుంది, దాని పక్కన నిలబడి చూడండి. వెళ్లేటప్పుడు భవనం ముందు గోడ చూడండి. 1881లో తెరిచారు, కట్టడం ఆల్ఫ్రెడ్ వాటర్‌హౌస్‌ది, గోడలనిండా కాల్చిన మట్టి జంతువులు. ఎదురుగా నిలబడితే ఎడమవైపు ఇప్పుడు బతికున్న జాతులు, కుడివైపు అంతరించినవి. మనవడూ నేనూ కుడివైపు లెక్కపెట్టడం మొదలెట్టి పన్నెండు దగ్గర ఆపేశాం, వానొచ్చింది.

సైన్స్ మ్యూజియం నాది. ఇక్కడ మావారు సంచీ మోస్తారు.

ఒక హెచ్చరిక. ‘రాకెట్’ అనే స్టీఫెన్సన్ రైలింజను చూడాలని వస్తే అది ఇక్కడ లేదు, ఉత్తర ఇంగ్లండుకి తరలించారు. పఫింగ్ బిల్లీ ఉంది, మిగిలున్న ఆవిరి రైలింజన్లలో అన్నిటికన్నా పాతది, 1814 ప్రాంతానిది. గొల్లభామలాగా కాళ్లన్నీ పైకే ఉంటాయి దానికి.

నేను వెళ్లింది ఎనర్జీ హాల్లో ఉన్న 1788 నాటి బోల్టన్, వాట్ ఆవిరి ఇంజను కోసం. ముప్పై ఒక్క ఏళ్లు బోర్డు మీద సుద్దముక్కతో గీసిన సిలిండరు, పిస్టను అక్కడ నిలబడున్నాయి, నాకన్నా మూడింతల ఎత్తు దూలంతో. బర్మింగ్‌హామ్ దగ్గర సోహో కార్ఖానాలో 43 సానపెట్టే యంత్రాల్ని ఇదొక్కటే తిప్పేది. దగ్గరికి వెళ్లి చక్రం ఇరుసు చూడండి. రెండు పళ్ల చక్రాలు అంటుకుని ఉంటాయి. ఒకటి ఇరుసుకి బిగించింది, దాని పేరు సూర్యుడు. రెండోది దూలం నుంచి దిగిన కడ్డీకి కదలకుండా బిగించింది, అది గ్రహం, సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. కిందికీ పైకీ ఊగే కదలికని గుండ్రంగా మార్చడానికి మామూలు క్రాంకు చాలు కదా అని నేను క్లాసులో అనుకునేదాన్ని. ఆవిరి యంత్రానికి క్రాంకు వాడే పేటెంటు 1780లోనే జేమ్స్ పికార్డ్ చేతికి వెళ్లింది. వాట్‌కి వేరే దారి వెతుక్కోక తప్పలేదు. కానీ ఈ దారిలో ఒక లాభం వచ్చింది. గ్రహం ఒక్క చుట్టు తిరిగేలోపు సూర్యుడు రెండు చుట్లు తిరుగుతాడు, అంటే దూలం ఒక్కసారి ఊగితే పెద్ద చక్రం రెండుసార్లు తిరుగుతుంది. రెండు రూపాయి బిళ్లలు తీసుకుని, ఒకదాని మీద బొమ్మ తల పైకే ఉండేటట్టు పట్టుకుని రెండోదాని చుట్టూ తిప్పి చూడండి. మేం అక్కడే బెంచీ మీద రెండు పెన్నీ బిళ్లలతో చేశాం. ఒకావిడ ఆగి చూసి తన కొడుక్కి కూడా చెప్పమంది. చెప్పాను. రిటైరయ్యాక నేను చెప్పిన మొదటి పాఠం అది, అది కూడా ఇంగ్లీషులో.

చంద్రుడి చుట్టూ తిరిగొచ్చిన అపోలో 10 కాప్స్యూలు ఉంది ఇక్కడ, 1969 మే నెలది. అడుగున మాడిన మచ్చలు చూడండి, వాతావరణంలోకి దిగుతున్నప్పుడు కాలినవి. ‘ఈ గంగాళంలో ముగ్గురా’ అన్నారు మావారు. 1953లో వాట్సన్, క్రిక్ కట్టిన డి.ఎన్.ఏ. నమూనా కూడా ఉంది, ఆనాటి రేకులు కొన్ని పెట్టి తిరిగి కట్టింది. కూర్చోవాలనిపిస్తే లెక్కల గ్యాలరీకి వెళ్లండి. జహా హదీద్ అనే ఆర్కిటెక్టు రూపకల్పన అది, 2016లో తెరిచారు. మధ్యలో 1929 నాటి విమానం వేలాడుతుంది, దాని చుట్టూ గాలి ఎలా పారుతుందో ఆ ఒంపుల్నే ఊదారంగు తెరలుగా కట్టారు. జనం తక్కువ, బెంచీలు మెత్తన.

పిల్లలుంటే వండర్‌ల్యాబ్‌కి టిక్కెట్టు కొనండి, ఇది ఉచితం కాదు, అయినా దండగ కాదు. మూడు జారుడుబల్లలుంటాయి, ఒక్కోదానికి ఒక్కో రకం పైభాగం. ఏది ఎంత వేగంగా జారుస్తుందో పిల్లలే తేల్చుకుంటారు. ఘర్షణ గుణకం అనే మాట వాడకుండా మా మనవడికి ఘర్షణ వచ్చేసింది. నేను ఒక పీరియడంతా చెప్పేదాన్ని దాన్ని.

ఇంటికొచ్చాక

ఫోటోలు తీసేటప్పుడు ముందు లేబులు, తర్వాత వస్తువు తీయండి. లేకపోతే ఇంటికొచ్చాక ‘ఈ కుండ ఏ దేశందండీ’ అని ఒకర్నొకరు అడుక్కుంటూ కూర్చుంటారు. ఫ్లాషు వాడకండి. చదివే కళ్లజోడు మర్చిపోతే ఫోనుతో లేబులు తీసి పెద్దది చేసుకుని చదవొచ్చు. ఆ సాయంత్రమే మావారు నోటుబుక్కులో మూడు వస్తువులకి మూడు వాక్యాలు రాస్తారు. అంతకన్నా రాయనివ్వను.

చివరిసారి వెళ్లింది బ్రిటిష్ మ్యూజియం 56వ గదికి, ఇప్పటి ఇరాక్‌లో ఉండిన ఊర్ నగరపు ఆట కోసం. నాలుగున్నర వేల ఏళ్ల నాటి ఆటపలక, 20 గళ్లు, వాటిలో అయిదింటి మీద పువ్వులు. ఒక్కొక్కరికి ఏడేసి కాయలు. అదే మ్యూజియంలో ఉన్న క్రీస్తుపూర్వం 177 నాటి మట్టిపలక చదివి ఇర్వింగ్ ఫింకెల్ అనే ఆయన ఆట నియమాలు కూడగట్టారు. పువ్వు గడిలో పడితే ఇంకో పందెం వేసుకోవచ్చు, అక్కడున్న కాయని చంపకూడదు. అష్టాచెమ్మాలో కట్టగడి లాగానే. మనవడు అట్టపెట్టె మూత మీద గళ్లు గీశాడు, అమ్మాయి డబ్బాలోంచి చింతగింజలు తీసి ఒక వైపు అరగదీసి పందెం గింజలు చేశాం. ఇప్పటికి నాలుగు ఆటలయ్యాయి. నాలుగూ మాస్టారే ఓడిపోయారు, నియమాలు ఇంకోసారి సరిచూడాలట, శుక్రవారం మళ్లీ వెళదామంటున్నారు.